నడుస్తోందిగా, ఎందుకు మార్చడం?

"నడుస్తోంది కదా సార్, దాని జోలికి ఎందుకు?"

పాత బండి ఉన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు మెకానిక్ నోట విన్న మాటే ఇది. వినడానికి హితవులా ఉంటుంది. అక్కర్లేని పని చెప్పి డబ్బు గుంజడం లేదు కదా అని మనకూ ముచ్చటేస్తుంది. కానీ హైడ్రాలిక్ క్లచ్ గొట్టం దగ్గర మాత్రం ఈ మాట తప్పు, పైగా ప్రమాదం. ఆ గొట్టాన్ని లక్షణం చూసి కాదు, వయసు చూసి మార్చాలి. ఇంత చిన్న సంగతికి ఒక టపా అవసరమా అనే మిత్రులు దయచేసి చివరిదాకా చదవండి.

మన దేశంలో తిరిగే మోటారుసైకిళ్ళలో అత్యధిక భాగానికి క్లచ్ అంటే ఒక ఉక్కు తీగ. ఆ తీగ తన ముసలితనాన్ని దాచుకోదు. పోగులు ఒక్కొక్కటే తెగుతాయి, లీవరు బిగుసుకుంటుంది, వదులు పెరుగుతుంది. తెగేలోగా నాలుగుసార్లు చెబుతుంది. హైడ్రాలిక్ క్లచ్ పద్ధతి వేరు. లీవరు నొక్కితే పైనున్న మాస్టర్ సిలిండర్ ద్రవాన్ని నెడుతుంది, ఆ ఒత్తిడి రబ్బరు గొట్టం గుండా ఇంజను పక్కనున్న స్లేవ్ సిలిండర్‌కు చేరి క్లచ్ పళ్ళేలను విడదీస్తుంది. పళ్ళేలు అరిగినా తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి చేతికి తేడా తెలియదు. దాని గొప్పతనమూ అదే, దానితో వచ్చిన చిక్కూ అదే.

2004లో ధూమ్ సినిమా చూసి సుజుకి హయబూస మీద మనసు పారేసుకున్న కుర్రవాళ్ళలో కొందరు తర్వాత గచ్చిబౌలి, నానక్‌రాంగూడ కంపెనీల్లో కుదురుకుని నిజంగానే కొనుక్కున్నారు. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న ఆ బండ్లకిప్పుడు వయసు మీదపడింది, చేతులు మారుతున్నాయి. అలా చేతులు మారినదే ఒకటి గోపన్‌పల్లిలో మా అపార్టుమెంటు సెల్లారులో ఉంది. 2010 నాటిది, 1,340 సీసీ. పాత యజమాని పదిహేనేళ్ళ గడువు ముగియగానే, 2025లో రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ చేయించి మరీ నాకు అమ్మాడు. కాగితాలన్నీ సక్రమం. క్లచ్ గొట్టం మీద అచ్చువేసిన తయారీ సంవత్సరం మాత్రం 2009.

మోటారు వాహనాల చట్టం సొంత బండికి మొదట ఇచ్చే గడువు 15 ఏళ్ళు. అదే బండి సర్వీసు మాన్యువల్ క్లచ్ గొట్టానికి ఇచ్చే గడువు నాలుగేళ్ళు, అందులోని ద్రవానికి రెండేళ్ళు. లెక్కప్రకారం ఆ గొట్టం ఈపాటికి మూడుసార్లు మారి ఉండాలి. ఒక్కసారీ మారలేదు. ఈ 15 ఏళ్ళలో సైలెన్సర్ మారింది, అద్దాలు మారాయి, రంగు మారింది. వీధి చివరిదాకా వినపడే సైలెన్సర్‌కు వేలకు వేలు పోసినవాడికి, అందులో చిన్న వంతు ఖరీదు చేసే గొట్టం దండగ ఖర్చుగా కనిపించిందన్నమాట!

మెకానిక్ సలహా ఏమిటంటే, ద్రవం మార్చి గాలి తీస్తే చాలునని. ద్రవం మార్చవలసిందే, కాదనను. గ్లైకాల్ ఈథర్లతో చేసే డాట్ 4 ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడని ద్రవం, 3.7 శాతం నీరు చేరేసరికి 155 డిగ్రీలకే మరగడానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి. కానీ ద్రవం మార్చినంత మాత్రాన రబ్బరు కొత్తదైపోతుందా? ఇంజను సెగ, మన మే నెల ఎండ, గాలిలోని ఓజోను కలిసి దాన్ని బయటినుంచి పగలగొడతాయి. లోపల పొర ఉబ్బి దారి ఇరుకవుతుంది. ఒక్కోసారి లోపలి పొర చీలి ఒకవైపే తెరుచుకునే తలుపులా తయారవుతుంది. ద్రవం వెళుతుంది, తిరిగి రాదు. అప్పుడు క్లచ్ పూర్తిగా పట్టక జారుతుంది, పళ్ళేలు మాడతాయి. మెకానిక్ పళ్ళేలు మార్చి బిల్లు వేస్తాడు. అసలు దోషి అలాగే వేలాడుతూ ఉంటుంది.

నేను పట్టుబట్టి మార్పించాను. విప్పిన గొట్టాన్ని నిలువునా కోయించి చూశాను. బయట నిగనిగలాడుతోంది, పాలిష్ కొట్టారు కాబోలు. లోపల దారి కొత్తదాని కంటే స్పష్టంగా సన్నబడింది. దాన్ని చూసికూడా ఆయన, "ఇంకో రెండేళ్ళు వచ్చేది సార్" అన్నాడు.

"క్లచ్ బ్రేకు కాదుగా" అనేది చదువుకున్నవాళ్ళు చేసే వాదం. మా మెకానిక్ వాదం కంటే ఇది నాకు ఎక్కువ చిరాకు. గొట్టం పగిలి ఒత్తిడి పోతే లీవరు చేతిలో చచ్చుబడుతుంది, క్లచ్ మాత్రం పట్టే ఉంటుంది, ఇంజను చక్రాన్ని తోస్తూనే ఉంటుంది. ఖాళీ రహదారి మీదైతే గేర్లతో తంటాలుపడి పక్కకు తీయవచ్చు. కానీ మన ఔటర్ రింగు రోడ్డు ప్రధాన దారి మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. అందుచేత 1,340 సీసీ గుర్రం బ్రతుకంతా విప్రో కూడలి, నల్లగండ్ల, గోపన్‌పల్లి తండాల మధ్య మొదటి గేరులోనే గడుస్తుంది. తండా దగ్గర 2024లో ఫ్లైఓవర్ తెరిచాక కాస్త ఊపిరాడింది గానీ, సాయంత్రం ఆరింటికి క్లచ్ మీంచి వేళ్ళు తీసే సందు ఇప్పటికీ తక్కువే. అక్కడ బండి ముందుండేది ఖాళీ రోడ్డు కాదు, రోడ్డు దాటుతున్న మనుషులు. ఇంజను ఆపే మీట ఉందిగా అంటారా? ఉంది. అది గుర్తొచ్చి బొటనవేలు కదిలేలోగా బండి ఎంత దూరం వెళుతుందో వాళ్ళే చెప్పాలి.

పని చేయించేటప్పుడు పక్కనే నిలబడండి. విడిభాగాలను పెట్రోలులోనో కిరసనాయిలులోనో ముంచి కడగడం మన షెడ్లలో అలవాటు. బ్రేకు ద్రవం కోసం తయారైన రబ్బరు సీళ్ళు ఆ నూనెలు తగిలితే ఉబ్బి పాడవుతాయి. ద్రవం ఏదన్నది మూత మీద చదివే పోయించండి. మగూరా తయారీ క్లచ్‌లు కొన్నిటికి మినరల్ ఆయిల్ పోయాలి, వాటిలో డాట్ 4 పోస్తే సీళ్ళు పోతాయి. ఉక్కు అల్లిక చుట్టిన టెఫ్లాన్ గొట్టం వేయించుకుంటే ఇక జన్మలో చూడక్కర్లేదనేవారి మాట కూడా నమ్మకండి. అది రబ్బరులా ఉబ్బదు, నిజమే. కానీ ఫ్రేముకు రాసుకుంటే అరుగుతుంది, కొసల దగ్గర కారుతుంది.

బోల్టుకు అటూ ఇటూ పడే రాగి వాషర్లు ఒక్కసారి నలగడానికే ఉన్నాయి. మా ఆయన పాతవే తుడిచి వేయబోయాడు. కొత్తవి జేబులోంచి తీసి ఇచ్చాను. మొహం ముడుచుకున్నాడు గానీ వేశాడు. బ్రేకు గొట్టాలకు కూడా ఆర్డరు పెట్టాను. వాటి మీదా 2009 అనే ఉంది.