లేమి చెప్పే చరిత్ర

కంటికి ఆనని ప్రాణులను చులకనగా చూడటం లోకసహజం. అందులోనూ పేగులలో దాగి బ్రతికే ఏకకణ పరాన్నజీవులంటే రోతయే తప్ప, వాటికీ ఒక చరిత్ర ఉంటుందన్న ఆలోచన సామాన్యంగా కలుగదు. 1681లో హాలండు దేశంలోని డెల్ఫ్ట్ నగరవాసి లీవెన్‌హుక్ తన మలాన్నే సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందులో చురుకుగా కదలాడే జీవులను చూశాడు. అవి నేడు జియార్డియా అని పిలిచే పరాన్నజీవులేనని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇటువంటి అల్పజీవుల కణాలలోని జన్యులిపిని చదవడానికి ఏళ్ల తరబడి శ్రమించడం కొండను తవ్వి ఎలుకను పట్టడమేనని కొందరు ఆక్షేపించవచ్చు. కాని ఆ శ్రమ జీవపరిణామ చరిత్రలోని ఒక పెద్ద పొరపాటును సరిదిద్దింది.

జీవకణంలోని మైటోకాండ్రియాలను కణశక్త్యాగారాలంటారు. ఆక్సిజన్ సాయంతో ఆహారంలోని శక్తిని ఏ.టి.పి. అనే పదార్థంగా మార్చడం వాటి ప్రధాన విధి. ఆ ఏ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. స్వతంత్రంగా జీవించిన ఒక బాక్టీరియా వేరొక కణంలో చేరి, కాలక్రమాన మైటోకాండ్రియాగా మారిందని 1967లో అమెరికా శాస్త్రవేత్త లిన్ మార్గులిస్ వాదించారు. ఆ పూర్వజీవితానికి గుర్తుగా మైటోకాండ్రియాలో సొంత డి.ఎన్.ఏ. మిగిలి ఉంది. మానవ మైటోకాండ్రియాలోని 16,569 క్షారజంటల వరుసను 1981లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు పూర్తిగా చదివారు. అందులో ఉన్నవి 37 జన్యువులు మాత్రమే.

పేగులలో ఆక్సిజన్ చాలా తక్కువ. అక్కడ నివసించే జియార్డియాలో మైటోకాండ్రియా కనిపించలేదు. అటువంటి జీవులు మైటోకాండ్రియా పుట్టుకకు పూర్వమే విడివడిన ఆదిమశాఖలని 1983లో థామస్ కవాలియర్-స్మిత్ ప్రతిపాదించాడు. ఆ ఊహ ఎంతో అందమైనది, కాని నిలువలేదు. రక్తవిరేచనాలు కలిగించే ఎంటమీబాలో 1999లోను, జియార్డియాలో 2003లోను మైటోకాండ్రియా అవశేషాలు బయటపడ్డాయి. వాటిలో డి.ఎన్.ఏ. సైతం లేదు.

బ్లాస్టోసిస్టిస్ అనే మరొక పేగుజీవి కథ ఇంకా విచిత్రమైనది. దాని మైటోకాండ్రియా వంటి కణాంగంలోని జన్యుక్రమం 2008 నాటికి పూర్తిగా వెల్లడైంది. సుమారు 28 వేల క్షారజంటలున్న ఆ లిపి మానవునిదానికంటే పొడవైనది. అయినప్పటికీ ఆక్సిజన్‌ను వినియోగించుకోవడానికి అవసరమైన ముఖ్య జన్యువులు అందులో లేవు. శ్వాసక్రియలోని తొలి మెట్టుకు సంబంధించిన జన్యువులు మాత్రం నిలిచి ఉన్నాయి.

ఈ పరిశోధన తాళపత్ర గ్రంథ పరిష్కరణ వంటిది. మలంలో అసంఖ్యాకమైన బాక్టీరియాల డి.ఎన్.ఏ. కలిసి ఉంటుంది. వేరే గ్రంథాల ఆకులు కలిసిపోయిన కట్టలోనుండి పరిష్కర్త తనకు కావలసిన ఆకులను ఏరుకున్నట్లే, శాస్త్రజ్ఞుడు ఆ జీవి డి.ఎన్.ఏ. తునకలను వేరుచేసి, కొసలు సరిచూసి వరుసగా కూర్చాలి. ఒక ప్రతిలో కొన్ని పద్యాలు లేనంత మాత్రాన అదే మూలప్రతి అని వివేకవంతుడైన పరిష్కర్త నిర్ణయించడు. అది గ్రంథపాతం కావచ్చునని ఇతర ప్రతులతో పోల్చి చూస్తాడు. చించిల్లా అనే ఎలుకజాతి జంతువు పేగులలోని మోనోసెర్కోమోనాయిడిస్‌లో మైటోకాండ్రియా జాడయే లేదని 2016లో తేలింది. అయితే దాని బంధుజీవులలో ఆ జాడలున్నాయి. కనుక అది మైటోకాండ్రియాను పోగొట్టుకున్నదే గాని, మొదటినుండి లేనిది కాదు. లేమి వేరు, ప్రాచీనత వేరు.

ఈ విజ్ఞానం వైద్యానికి కూడా అవసరమే. మెట్రోనిడజోల్ అనే ఔషధం ఆక్సిజన్ లేకుండా బ్రతికే జీవుల ప్రత్యేక రసాయనచర్యల వల్లనే విషంగా మారి, జియార్డియాను, ఎంటమీబాను చంపుతుంది. మానవకణాలలో ఆ చర్యలు లేవు. శత్రువు దేనిని పోగొట్టుకుని, బదులుగా దేనిపై ఆధారపడిందో తెలిస్తేనే కొత్త ఔషధానికి గురి కుదురుతుంది. కలుషితమైన నీటివల్ల ఈ వ్యాధుల బారిన పడేవారిలో పేదల పిల్లలే ఎక్కువ. కాబట్టి తక్షణ ప్రయోజనం కనిపించలేదన్న నెపంతో ఇటువంటి పరిశోధనలకు చేయూత నిరాకరించడం తగదు.

పిట్ట కొంచెం, కూత ఘనమన్న నానుడి ఈ జీవులకు చక్కగా వర్తిస్తుంది. కనిపించనిది ఎన్నడూ లేదని తీర్పు చెప్పేముందు మరొకసారి వెదకాలని అవి విజ్ఞానలోకానికి నేర్పాయి. కొత్త ఆధారం లభించినపుడు పాత అభిప్రాయాన్ని విడిచిపెట్టగలగడమే శాస్త్రదృష్టి.