ఏడు కుల్చాల జెండా

సికింద్రాబాద్ శివార్లలోని యాప్రాల్‌కు పక్కనే బొల్లారం. అక్కడి రాష్ట్రపతి నిలయం ఆవరణలో 120 అడుగుల టేకు జెండా కంబం నిలబడి ఉంది. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు విడిది చేసిన చోటది. హైదరాబాద్ సంస్థానం 1948లో భారతదేశంలో కలిసినదానికి గుర్తుగా, పాత కంబానికి నకలుగా దీన్ని నిలిపారు. 2023 డిసెంబర్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రారంభించారు. ఇక్కడ ఏ జెండా దిగి ఏ జెండా ఎక్కిందని చూడవచ్చిన పిల్లలు అడిగితే జవాబు చెప్పడం కష్టమేమీ కాదు. ఆ జవాబుతో పాటు మనం వాళ్లకు అప్పగిస్తున్న రెండు మూఢనమ్మకాల గురించే నా బాధ. గుడ్డలో మహత్తు ఉంటుందన్నది ఒకటి. పుట్టుకతో నేరం సంక్రమిస్తుందన్నది రెండోది.

దిగిన జెండా ఆసఫ్‌జాహీల పసుపు జెండా. దాని మధ్యనున్న గుండ్రటి గుర్తుకు ఒక కథ ఉంది. దక్కనుకు బయల్దేరే ముందు, తర్వాత మొదటి నిజాం అయిన మీర్ ఖమరుద్దీన్ ఒక సూఫీ గురువును దర్శించుకున్నాడట. ఆయన పసుపు గుడ్డలో కుల్చాలు పెట్టి తినమంటే ఆకలి మీదున్న మీర్ ఏడు తిన్నాడట. నీ వంశం ఏడు తరాలు ఏలుతుందని గురువు దీవించాడట. అలా కుల్చా జెండా మీదికెక్కింది. ఏడో నిజాంతో పాలన ముగిసింది కనుక జోస్యం ఫలించిందని ఈ నగరంలో చదువుకున్నవాళ్లు కూడా నమ్మకంగా చెబుతారు.

లెక్క చూద్దాం. 1724 నుంచి 1948 దాకా గద్దెనెక్కినవాళ్లు పదిమంది. 1748కీ 1762కీ మధ్య నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ వరసగా ఏలారు. వాళ్లకు ఆసఫ్ జా బిరుదు లేదు కాబట్టి ఆ ముగ్గుర్నీ లెక్కలోంచి తీసేశారు. రాజుల్ని లెక్కపెడితే పది, తరాల్ని లెక్కపెడితే ఏడు. జోస్యాన్ని నెగ్గించే లెక్కనే ఏరుకుంటే ఏ జోస్యమైనా నెగ్గుతుంది. మన జాతకాలూ వాస్తులూ బతికేది ఇలాంటి లెక్కల మీదే.

ఆ వంశం రెండు వందల ఏళ్లు నిలవడానికి అసలు కారణం యాప్రాల్ వాళ్ల కళ్లెదుటే ఉంది. 1798లో రెండో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ దండు ఇక్కడ దిగింది, ఖర్చు నిజాం భరించాడు. ఆ దండు చుట్టూ పెరిగిన సికింద్రాబాద్‌కే 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు వచ్చింది. తిరుమలగిరి, బొల్లారం, వాటిని ఆనుకున్న మిలిటరీ స్థలాలు, గేట్లు, కంచెలు అన్నీ ఆ ఒప్పందం పెట్టిన సంసారమే. 1857 జూలైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు నిజాం దివాను సాలార్ జంగ్ తెల్లవాళ్ల పక్షాన నిలబడ్డాడు. పసుపు జెండాను కాపాడింది సికింద్రాబాద్ ఫిరంగులు. బేరార్ సంగతి చూడండి. ఆ ప్రాంతాన్ని బ్రిటిష్‌వాళ్లు తమ అధీనంలోనే ఉంచుకుని, అక్కడ తమ జెండా పక్కన నిజాం జెండా కూడా ఎగరేయవచ్చని 1936 ఒప్పందంలో ఒప్పుకున్నారు. అధికారం వాళ్లది, గుడ్డ ఈయనది.

అయినా ఆ గుడ్డ కోసం మనుషుల ప్రాణాలు తీశారు. 1947 ఆగస్టు 15న మూడు రంగుల జెండా ఎత్తినందుకు స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎగరేయడానికి చేరిన జనం మీద కాల్పులు జరిపారు. నిజాం తరఫున ఆయుధాలు పట్టిన రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ ఆసఫ్‌జాహీ జెండాను ఢిల్లీ ఎర్రకోట మీద ఎగరేస్తామని ఊగిపోయాడు. 1948 ఆగస్టులో రజాకార్లు భైరాన్‌పల్లి ఊరి మీద పడి జనాన్ని చంపారు. సంస్థానంలో సభ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలనే గష్తీ నిషాన్ 53 ఎప్పటినుంచో నోళ్లు కట్టేసి ఉంది. ఇవన్నీ జరిగిన సంగతులు. పరకాలలో తమవాళ్లను పోగొట్టుకున్న ఇంటివాళ్లకు ఆ పసుపు జెండా చూస్తే కడుపు మండుతుందంటే దాన్ని మూఢనమ్మకం అనను. అది జ్ఞాపకం. దాన్ని గౌరవించాలి.

ఆ జ్ఞాపకాన్ని ఒక మతం మీదికి తిప్పినప్పుడు రెండో మూఢనమ్మకం మొదలవుతుంది.

ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ సంస్థానం భారతదేశంలో కలవాలని ఉర్దూలో రాశాడు. రజాకార్లను తూర్పారబట్టాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పనిచేసి ఇంటికి వెళ్తున్నవాడిని కాల్చి చంపారు, రాసిన చేతిని నరికారు. ఈ నగరంలో భావప్రకటన స్వేచ్ఛ కోసం అంత నేరుగా ప్రాణమిచ్చిన మనిషి మరొకరు నాకు గుర్తురారు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషుల చేతిలో 1940లో చచ్చిపోయిన రైతు బందగీ ముస్లిం. చంపించిన దొర హిందువు. ఆ దొరతనం బతికింది పసుపు జెండా నీడనే. చివరి నిజాం ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గంలో పింగళి వెంకట్రామారెడ్డి ఉప ప్రధాని, దళిత నాయకుడు బి.ఎస్. వెంకటరావు మంత్రి. నిజాం మీద, భూస్వాముల మీద పోరాడి జైళ్లకూ అజ్ఞాతవాసాలకూ వెళ్లినవాళ్లలో మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు. ఎవరు ఏ జెండా పక్షాన నిలిచారన్నది పుట్టుక తేల్చలేదు. భూమి, పదవి, మనస్సాక్షి తేల్చాయి.

భారత సైన్యం జరిపిన పోలీసు చర్య 1948 సెప్టెంబర్ 13న మొదలై 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. ఆ తర్వాత జరిగినదాన్ని కూడా చెప్పకుండా ఈ కథ ముగించడం అబద్ధమే అవుతుంది. కేంద్రం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం జిల్లాలు తిరిగి, తక్కువ అంచనా వేసినా 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని రాసింది. వాళ్లలో అత్యధికులు ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ. రజాకార్ల పాపానికి రజాకార్లు కాని కుటుంబాలు బలయ్యాయి. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి కనిపించకుండా ఉంచారు. మరి ఆ జెండాకు యజమాని అయిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను ఏం చేశారు? 1950 జనవరి 26 నుంచి 1956 దాకా భారత ప్రభుత్వమే ఆయన్ను రాజప్రముఖ్‌గా కూర్చోబెట్టింది. జెండా పట్టుకున్న రాజుకు పదవి, ఆ రాజు మతంలో పుట్టినందుకు ఊళ్లలో జనానికి చావు. దీన్ని న్యాయం అనగలిగేవాళ్లు నాతో వాదనకు రావచ్చు.

ఇంకో జెండా సంగతి కూడా ఆలోచించండి. నూటయాభై ఏళ్లు ఈ కంటోన్మెంటు మీద ఎగిరింది యూనియన్ జాక్. దాని కింద తెల్లతోలు సిపాయికి ఒక బారకు, నల్లతోలు సిపాయికి మరో లైను. జీతం వేరు, ఆసుపత్రి వేరు, కూర్చునే చోటు వేరు. జాతి వివక్షను ఇంత బాహాటంగా నడిపిన పాలన మరొకటి మనం చూడలేదు. బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉంది. 1983లో ఎలిజబెత్ రాణి వచ్చి అందులో ప్రార్థన చేసింది. ఆ చర్చికి వెళ్లే కుటుంబాలను యూనియన్ జాక్ పేరు చెప్పి ఇక్కడ ఎవరూ నిలదీయరు. నిలదీయకూడదు కూడా. మరి ఓల్డ్ సిటీ ముస్లింను మాత్రం ప్రతి సెప్టెంబర్‌లో ఆ పసుపు జెండాకు జవాబు చెప్పమని ఎందుకు అడుగుతున్నాం? దీన్నిబట్టి మన కోపం చరిత్ర మీద కాదని, పక్కింటివాడి మీదని తేలుతోంది. దర్గా మీది ఆకుపచ్చ గుడ్డను, చంద్రవంక కనిపించిందని పాకిస్తాన్ జెండాగా పొరబడి గొడవలు చేయడం, కేసులు పెట్టించడం ఈ జబ్బులో భాగమే.

2022 సెప్టెంబర్ 17న ఈ జంట నగరాల్లో జరిగింది గుర్తు చేసుకోండి. పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్ విమోచన దినం జరిపింది. పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం జరిపింది. ఆ సందర్భంగానే మజ్లిస్ పార్టీ తిరంగా బైక్ ర్యాలీ తీసింది. కమ్యూనిస్టులు సాయుధ పోరాటాన్ని తలుచుకున్నారు. రెండు ప్రభుత్వాలూ, మజ్లిసూ పట్టుకున్నది మూడు రంగుల జెండానే. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం దాన్నే ప్రజాపాలన దినం చేసింది. ఇన్ని పేర్లు ఉండటంలో నాకు తప్పు కనిపించదు, పోరాటంలో నిజంగానే చాలా పాయలు ఉన్నాయి. సభల్లో చనిపోయినవాళ్ల పేర్లు సగమే వినిపించడం తప్పు. ఒక వేదిక మీద భైరాన్‌పల్లి వినిపిస్తుంది, సుందర్‌లాల్ నివేదిక వినిపించదు. ఇంకో వేదిక మీద రజ్వీ పేరే రాదు.

మూడు రంగుల జెండాకు కూడా మనం మహత్తు అంటగడుతున్నాం. ఆగస్టు 15న కాలనీల్లో జెండా గద్దెకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టడం మామూలైపోయింది. ఆ గద్దె ముందు నిలబడ్డవాళ్లలో క్రైస్తవులు, ముస్లింలు, ఏ మతమూ లేనివాళ్లు ఉంటారు. జెండా అందరిదీ అంటూనే దాన్ని ఒక గుడి తంతులోకి లాక్కెళ్లడం రాజ్యాంగానికి మర్యాద కాదు. ఆ జెండా పుట్టుక మనకు బాగా తెలిసిందే. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీకి ఒక నమూనా ఇచ్చాడు. రంగులను మతాలకు అంటగట్టడంతో గొడవలొస్తే, 1931లో కాంగ్రెస్ కూర్చుని రంగులు మార్చి, వాటికి మతంతో సంబంధం లేదని తీర్మానం రాసుకుంది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ చరఖాను తీసి చక్రాన్ని పెట్టింది. మనుషులు వాదించుకుని, ఒప్పుకుని, దిద్దుకుని తయారు చేసుకున్న జెండా అది. ఏ ఫకీరూ దీవించలేదు, ఏ దేవుడూ కలలో చెప్పలేదు. నాకు దాని మీద ప్రేమ కలిగేది ఇందుకే.

పవిత్రత పెరిగిన కొద్దీ పౌరుడి చెయ్యి దూరమైంది. 2002 దాకా మామూలు మనిషి ఏడాది పొడుగునా తన ఇంటి మీద జాతీయ జెండా ఎగరేసుకోవడానికి వీల్లేదు. నవీన్ జిందాల్ కేసులో 2004లో సుప్రీంకోర్టు, గౌరవంగా జెండా ఎగరేయడం భావప్రకటన హక్కులో భాగమని తేల్చింది. అంతకుముందు 1986లో ఇంకో తీర్పు వచ్చింది. కేరళలో ముగ్గురు యెహోవా సాక్షుల పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా నిలబడ్డారు, తమ విశ్వాసం ప్రకారం నోరు కలపలేదు. బడి నుంచి పంపేశారు. వాళ్లను తిరిగి చేర్చుకోమని సుప్రీంకోర్టులో తీర్పు రాసింది మన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆ పిల్లల విశ్వాసం నాకు లేదు. అయినా వాళ్ల మౌనాన్ని కాపాడిన తీర్పును హేతువాదులు గుండెకు హత్తుకోవాలి. 1995లో బల్వంత్ సింగ్ కేసులో, జనాన్ని రెచ్చగొట్టే చర్యేమీ లేకుండా రెండుసార్లు వేర్పాటు నినాదం ఇచ్చినంత మాత్రాన రాజద్రోహం కాదని కోర్టు చెప్పింది.

మరి రేపు ఎవరైనా తన డాబా మీద ఆసఫ్‌జాహీ జెండా కడితే? సంస్థానాల పాత జెండాలను నిషేధించే చట్టం లేదు. అలాంటి చట్టం పెట్టకూడదని నా కోరిక. కట్టినవాడితో గట్టిగా వాదిస్తాను, పరకాల గురించి చెబుతాను. కానీ పోలీసును పిలవను, రాళ్లు వేసేవాళ్లకు అడ్డుపడతాను. దాన్ని పట్టుకుని ఒక గుంపును మరో గుంపు మీదికి ఉసిగొల్పితే అప్పుడది నేరం. ఆ నేరం ఉసిగొల్పడంలో ఉంది, రంగులో లేదు. ప్రభుత్వ కంబం సంగతి పూర్తిగా వేరు. దాని మీద ఎగిరేది అందరి తరఫునా ఎగురుతుంది కాబట్టి కొందర్ని అణచిన జెండాకు అక్కడ చోటు లేదు.

ఈ తేడాను అమెరికా చాలా నెత్తురు చూశాక పట్టుకుంది. బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి యుద్ధం చేసిన దక్షిణ రాష్ట్రాల జెండాను సౌత్ కరోలినా శాసనసభ మీద 1960ల మొదట్లో, సరిగ్గా నల్లజాతి పౌరహక్కుల పోరాటం ఊపందుకున్న రోజుల్లో ఎక్కించారు. 2015 జూన్ 17న చార్ల్‌స్టన్ చర్చిలో ప్రార్థనలో ఉన్న తొమ్మిదిమంది నల్లజాతివాళ్లను ఒక తెల్ల కుర్రాడు కాల్చి చంపాడు. ఆ జెండాతో వాడు దిగిన ఫొటోలు బయటపడ్డాయి. పది రోజులకు బ్రీ న్యూసమ్ అనే నల్లజాతి యువతి శాసనసభ ఆవరణలోని కంబం ఎక్కి జెండా దించి అరెస్టయింది. జూలై 10న ప్రభుత్వమే దించేసింది. ఆ జూన్‌లోనే అమెరికా సుప్రీంకోర్టు, బండి నంబరు ప్లేటు మీద ఆ గుర్తు ముద్రించనన్న టెక్సస్ ప్రభుత్వాన్ని సమర్థించింది. ప్లేటు ప్రభుత్వ మాట అన్నది ఆ తీర్పు సారం. అదే మనిషి తన ట్రక్కు వెనక ఆ జెండా కట్టుకుంటే మాత్రం ఆపే చట్టం లేదు. డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లకు అలాంటి ట్రక్కు ఎదురైతే కలిగే భయం నిజమైనది. ఇక్కడ కాషాయమో ఆకుపచ్చో జెండాలు కట్టిన బండ్ల గుంపు వీధిలోకి దూసుకొచ్చినప్పుడు ఎదుటి మతం ఇళ్లలో తలుపులు ఎందుకు మూసుకుంటాయో, ఆ భయం తెలిసిన ఎన్నారై బంధువులు మనకు చెప్పగలరు.

యాప్రాల్‌లో మాజీ సైనికుల ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లకు జెండా ఎలా మడవాలో, ఎలా దించాలో తెలుసు, దానికి కొబ్బరికాయ అక్కర్లేదనీ తెలుసు. వచ్చే సెప్టెంబర్ 17న కాలనీ జెండా గద్దె దగ్గర వాళ్లు మైకు తీసుకుని పరకాల, భైరాన్‌పల్లి పేర్లు చదవాలి. షోయబుల్లా ఖాన్, బందగీ పేర్లు చదవాలి. సుందర్‌లాల్ బృందం లెక్కగట్టిన చావుల గురించి కూడా అదే గొంతుతో చదవాలి. వినడానికి కాలనీలోని ముస్లిం కుటుంబాలను ముందు వరసలో కూర్చోబెట్టాలి. అదీ సంజాయిషీ చెప్పించుకోవడానికి కాదు, ఆ చరిత్రలో వాళ్లకూ సమానంగా వాటా ఉందని.