పడిపోని సర్వర్ గురించి అడిగేదెవరు?

సర్వర్ పడిపోతే ఊరంతా తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో సాక్షులను వెంటబెట్టుకుని కూర్చున్నవాళ్లు సాయంత్రం దాకా చూసి, దస్తావేజులు సంచిలో పెట్టుకుని లేచిపోతారు. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు రేపు రమ్మంటాడు. మర్నాడు జిల్లా పేజీలో వార్త వస్తుంది. 2023 మే నెలాఖరులో, జూన్ 1 నుంచి భూముల విలువలు పెరుగుతాయని జనం రిజిస్ట్రేషన్లకు ఎగబడినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో చాలాచోట్ల చూసింది ఇదే. ఆ రోజు జనానికి కోపం రావడం న్యాయమే. మా భయం మాత్రం మిగతా రోజుల గురించి. అన్నీ సవ్యంగా నడుస్తున్నట్టు కనిపించే రోజుల్లో ఆ సర్వర్ లోపల ఏముందో, దానికి తాళం ఎవరు వేశారో అడిగేవాళ్లు కనిపించడం లేదు.

పలమనేరు, పుంగనూరు, కుప్పం, మదనపల్లె వైపు కంప్యూటర్ పాలన నిన్న మొన్న వచ్చింది కాదు. కుప్పంలో 2002లోనే హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ పేరుతో పల్లెల్లో కంప్యూటర్ కేంద్రాలు తెరిచాయి. మీసేవ 2011 నవంబరు 4న మొదలైంది చిత్తూరు జిల్లాలోనే. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. 2025 జనవరి 30న వాట్సాప్‌లో ‘మన మిత్ర’ 161 సేవలతో మొదలైంది. ఇదంతా సర్కారు వైపు. దానికి కొన్ని రెట్లు ప్రైవేటు వైపు పెరిగింది. టమోటా మండీల లెక్కలు, డెయిరీల పాల బిల్లులు, చీటీల కంపెనీల ఖాతాలు, స్కూలు ఫీజులు, రక్తపరీక్షల రిపోర్టులు అన్నీ వెబ్ అప్లికేషన్లయ్యాయి. వీటిలో చాలావాటిని రాసేది బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు ఊరికొచ్చే కుర్రాళ్లు, లేకపోతే ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివి రెండు గదుల ఆఫీసు పెట్టుకున్నవాళ్లు. నెలకు ఐదారు వందల రూపాయలకు క్లౌడ్‌లో ఒక సర్వర్ అద్దెకు తీసుకుంటారు, ప్రోగ్రాం ఎక్కిస్తారు, తెర మీద పేజీ కనిపించగానే డబ్బు తీసుకుని వెళ్తారు. వాళ్ల తెలివిని మేం తక్కువ చేయడం లేదు. పేజీ కనిపించడంతో పని అయిపోయిందనుకునే యజమానుల గురించే మా బెంగ.

అసలు యంత్రాంగం ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. వెబ్ తొలినాళ్లలో, 1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్ఏ కేంద్రంలో రూపుకట్టిన సీజీఐ పద్ధతిలో, మనం బటన్ నొక్కినప్పుడల్లా మన కోసం ఒక ప్రోగ్రాం పుట్టేది, జవాబు చెప్పి ముగిసిపోయేది. తర్వాతి మనిషికి మళ్లీ కొత్తది పుట్టాలి. జనం పెరిగేసరికి ఈ పుట్టుకలకే సర్వర్ సత్తువ సరిపోయేది. 1990ల నడుమ ఓపెన్ మార్కెట్ అనే కంపెనీ ఫాస్ట్‌సీజీఐ తెచ్చి పద్ధతి మార్చింది. ప్రోగ్రాం ఒక్కసారి లేస్తుంది, ఇక మేలుకునే ఉంటుంది. ముందు వెబ్ సర్వర్ జనాన్ని పలకరించి లోపలికి పంపిస్తుంటే, వెనక కూర్చుని ఒక్కొక్కరి పనీ చేసిపెడుతుంది. ఇవాళ పీహెచ్‌పీకి ఎఫ్‌పీఎం, పైథాన్‌కు గునికార్న్, రూబీకి ప్యూమా ఇలాగే పనిచేస్తాయి. ముందు వరసలో ఎక్కువచోట్ల ఉండేది రష్యా ఇంజినీరు ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఇంజిన్‌ఎక్స్. మండీలో ఒక్కో రైతుకు ఒక్కో కొత్త గుమాస్తాను పిలిచి, లెక్క కాగానే పంపేస్తే పొద్దు గూకినా పని తెమలదు. అందుకని ఒకే గుమాస్తాను ఏడాది పొడుగునా కూర్చోబెడతారు. పని చకచకా సాగుతుంది. అయితే నిన్నటి రైతు చీటీ బల్ల మీదే ఉంటుంది, గల్లాపెట్టె తాళం అతని నడుముకే ఉంటుంది. అతను కునుకు తీసినా, దారి తప్పినా గమనించే మనిషి ఒకరు కావాలి. మన ఊళ్లలో నడుస్తున్న అప్లికేషన్లలో ఎన్నింటికి అలాంటి మనిషి ఉన్నాడు?

ఒకరి చీటీ ఇంకొకరి చేతికి పోవడం ఊహించి చెబుతున్నది కాదు. ప్రపంచంలోని ప్రోగ్రామర్లంతా తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్ 2021 మార్చి 8న తన వినియోగదారులందరినీ ఒక్కసారిగా లాగౌట్ చేసింది. వెనక మేలుకుని నడిచే ప్రోగ్రాంలో, అంటే ప్రాసెస్‌లో, ఒక మనిషి సమాచారం పూర్తిగా చెరిగిపోకముందే ఇంకో మనిషి పని మొదలవడంతో, అతి కొద్దిమందికి తమది కాని ఖాతా తెరుచుకుంది. 2023 మార్చి 20న చాట్‌జీపీటీలో జరిగింది కూడా ఈ జాతి తప్పే. మధ్యలో రద్దయిన ఒక అభ్యర్థన తాలూకు జవాబు, ఎప్పుడూ తెరిచే ఉంచే డేటాబేస్ కనెక్షన్‌లో మిగిలిపోయి తర్వాతి మనిషికి చేరింది. ఒక తొమ్మిది గంటల వ్యవధిలో డబ్బు కట్టి వాడుతున్న చందాదారుల్లో 1.2 శాతం మంది పేర్లు, చిరునామాలు, కార్డు చివరి నాలుగు అంకెలు పరాయివాళ్లకు కనబడి ఉండొచ్చని కంపెనీయే ఒప్పుకుంది. రెండుచోట్లా సర్వర్ పడిపోలేదు. ఎర్రలైటు వెలగలేదు. రెండూ వందల ఇంజినీర్లున్న సంస్థలు కాబట్టి కనిపెట్టగలిగాయి, బయటికి చెప్పాయి కూడా. మన డయాగ్నోస్టిక్ సెంటర్ వెబ్‌సైటులో ఒకమ్మాయి రిపోర్టు ఇంకొకరి ఫోన్‌లో తెరుచుకుంటే ఏమవుతుంది? చూసినవాడు నవ్వుకుని మూసేస్తాడు, లేదా పదిమందికి పంపుతాడు. నడిపేవాళ్లకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఆపకుండా నడిచే ప్రోగ్రాంతో వచ్చే మరో చిక్కు దాని వయసు. గంటలు గడిచేకొద్దీ చిన్న చిన్న లెక్కతప్పులు పేరుకుంటాయి, వాడేసిన మెమరీ తిరిగి రాదు. దీనికి మనుషులు ప్రాణాలతో మూల్యం చెల్లించిన ఉదాహరణ ఒకటుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో సౌదీ అరేబియాలోని దహ్రాన్ దగ్గర అమెరికా పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ 100 గంటలకు పైగా ఆగకుండా నడుస్తోంది. అందులోని గడియారం సెకనులో పదో వంతును లెక్కపెట్టడంలో చేసే అతి చిన్న పొరపాటు, అన్ని గంటల్లో పోగై సెకనులో మూడో వంతు దాకా వచ్చింది. ఆ కాస్త వ్యవధిలో స్కడ్ క్షిపణి అర కిలోమీటరు దాటిపోతుంది. ఫిబ్రవరి 25న వచ్చిన స్కడ్‌ను పేట్రియాట్ వెతకాల్సిన చోట వెతకలేదు. సైనికుల బస మీద పడి 28 మంది చనిపోయారు. ఇందులో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టేది అంతకుముందు జరిగిన సంగతి. ఎనిమిది గంటలు నడిస్తేనే గురి పక్కకు జరుగుతోందని ఇజ్రాయెల్ వాళ్లు ఫిబ్రవరి 11నే చెప్పారు. 21న అమెరికా అధికారులు ‘చాలా ఎక్కువసేపు’ నడిపితే గురి పక్కకు జరగవచ్చని దళాలకు కబురు పంపారు. ఎంతసేపంటే ఎక్కువో అందులో లేదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్ చేరింది 26న, ప్రమాదం జరిగిన మర్నాడు.

పాల బిల్లుల వెబ్‌సైటుకూ క్షిపణికీ పోలికేమిటని అనుకోవచ్చు. ప్రాణనష్టంలో పోలిక లేదు. నిర్లక్ష్యం మాత్రం అదే. ఎన్ని అభ్యర్థనలు తీర్చాక ఒక ప్రాసెస్‌ను విరమింపజేసి కొత్తదాన్ని లేపాలో చెప్పే సెట్టింగు గునికార్న్‌లోనూ ఉంది, పీహెచ్‌పీ ఎఫ్‌పీఎంలోనూ ఉంది. మనం ఏమీ రాయకపోతే రెండింటిలోనూ దాని విలువ సున్నా, అంటే ఎప్పటికీ విరమణ లేదు. గునికార్న్ ఏమీ చెప్పకపోతే ఒకే ఒక్క వర్కర్‌తో, అంటే పనిచేసే ఒకే ప్రాసెస్‌తో, లేస్తుంది. ఓటీపీ కోసమో, బ్యాంకు గేట్‌వే కోసమో ఆ వర్కర్ అరనిమిషం ఎదురుచూస్తుంటే వెనక ఉన్నవాళ్లంతా ఆగిపోతారు. టమోటా కిలో 200 రూపాయల అంచుకు వెళ్లిన 2023 జులై లాంటి రోజుల్లో మదనపల్లె మార్కెట్ ధర చూడాలని వేలమంది ఒకే గంటలో పేజీ తెరిస్తే ఆ సెట్టింగు సంగతి బయటపడుతుంది. చాలామంది చేసే వైద్యం ఒకటే, రీస్టార్ట్. పడిపోగానే తనంతట తానే లేచేలా, సర్వర్‌లో ప్రోగ్రాంలను లేపే సిస్టమ్‌డీలో ఒక లైను రాసి నిద్రపోతారు. లేపడం అవసరమే. కానీ రాత్రికి నలభైసార్లు పడి నలభైసార్లు లేచిన ప్రోగ్రాం పొద్దున యజమానికి నిక్షేపంగా కనిపిస్తుంది. ఎందుకు పడిందో లాగ్‌లో చదివే మనిషి లేనప్పుడు ఆ లైను రోగాన్ని దాచిపెట్టడానికే పనికొస్తుంది.

అప్‌డేట్ చేశామనే మాటను కూడా యథాతథంగా నమ్మడానికి వీల్లేదు. 2014 ఏప్రిల్ 7న బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ లోపంతో, ఎవరైనా బయటినుంచి అడిగి సర్వర్ మెమరీలోంచి ఒక్కో దఫా 64 కిలోబైట్ల వరకు లాగేయగలిగేవారు. పాస్‌వర్డులు, రహస్య తాళాలు అందులో ఏవైనా ఉండొచ్చు. కెనడా పన్నుల శాఖ నుంచి దాదాపు 900 మంది సామాజిక బీమా నంబర్లు అలాగే పోయాయి. అవి అక్కడివాళ్లకు మన ఆధార్ లాంటివి. సరిచేసిన ఫైలు వెంటనే వచ్చింది. కానీ డిస్కు మీద ఫైలు మార్చినంత మాత్రాన, అప్పటికే మేలుకుని ఉన్న ప్రాసెస్ దాన్ని చూడదు. మెమరీలో ఉన్న పాత కోడ్‌తోనే నడుస్తుంది. ఆపి మళ్లీ లేపితేనే కొత్తది చదువుతుంది. ఏడాదిగా ఒక్కసారీ ఆగలేదని గర్వంగా చెప్పుకునే సర్వర్‌లో ఏడాది నాటి లోపాలు భద్రంగా ఉంటాయి.

ఇక వెనక తలుపు. ముందు వెబ్ సర్వర్‌ను పెట్టుకునేదే వెనక ప్రోగ్రాంను ఎవరూ నేరుగా తాకకూడదని. ఆ ప్రోగ్రాం సర్వర్ లోపలి చిరునామా మీదే వినాలి. తొందరలో ప్రపంచమంతటికీ వినపడేలా తెరిచేస్తే ముందున్న కాపలా దండగ. ఎఫ్‌పీఎం సాధారణంగా వాడే 9000 పోర్టును బయటికి తెరిస్తే మరీ ప్రమాదం. ఫాస్ట్‌సీజీఐ పలకరింపులో పాస్‌వర్డు అనేదే లేదు, చేరగలిగినవాడు తన కోడ్‌ను మన సర్వర్ మీద నడిపించుకోవచ్చు. ఫైర్‌వాల్ పెట్టామన్న ధీమా కూడా పనికిరాదు. ప్రోగ్రాంలను విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్‌లో పోర్టు ప్రచురిస్తే, ఉబుంటు సర్వర్లలో ఎక్కువగా వాడే యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ నిషేధాన్ని అది పక్కనుంచి దాటేస్తుంది. తప్పులు వెతకడానికి వాడే డీబగ్ మోడ్ ఇంకో కన్నం. కళాకారులకు చందాలు సేకరించే అమెరికా సంస్థ పేట్రియాన్ 2015లో పరీక్ష కోసం పెట్టుకున్న సైటును డీబగ్ మోడ్‌లోనే జనానికి కనిపించేలా వదిలేసింది. దొంగలు ఆ దారిన వచ్చి దాదాపు 23 లక్షల ఈమెయిల్ చిరునామాలున్న డేటా పట్టుకుపోయారు.

కంటికి కనిపించే నష్టమైతే అందరూ కదులుతారు. 2024 జులై 21, ఆదివారం రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. మర్నాడే డీజీపీ హెలికాప్టర్‌లో దిగారు, తర్వాత దర్యాప్తు సీఐడీకి వెళ్లింది. మా అర్జీ కాలిపోయిందా, మా భూమి కాగితం ఉందా అని జనం ఆ ఆఫీసు చుట్టూ తిరిగారు. కాగితాలు తగలబడ్డాయి కాబట్టి అందరికీ కనిపించింది. అదే భూముల వివరాలు ఒక తెరిచి ఉన్న పోర్టులోంచి నకలై పోతే అసలు ఫైలు ఉన్నచోటే ఉంటుంది, ఆఫీసు మామూలుగా తెరుచుకుంటుంది, హెలికాప్టర్ రాదు.

చట్టం లేక కాదు. దేశ సైబర్ అత్యవసర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటన గమనించిన ఆరు గంటల్లో తెలియజేయాలి, 180 రోజుల లాగ్‌లు దాచి ఉంచాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తగిన భద్రత పాటించనివారికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చంటోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఇక్కడ మన డెయిరీ యజమానులూ స్కూలు కరెస్పాండెంట్లూ గమనించాల్సిన సంగతి ఒకటుంది. చట్టం ముందుగా పట్టుకునేది సమాచారం ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించిన సంస్థను. ప్రోగ్రాం రాసి వెళ్లిపోయిన కుర్రాడిని చూపించి తప్పించుకోవడం కుదరదు.

పట్టణాల మున్సిపాలిటీలు, మార్కెట్ కమిటీలు, ప్రైవేటు సంస్థలు అప్లికేషన్ కొనేటప్పుడు ఒప్పందంలో రంగులూ పేజీలూ రాయించుకుంటున్నాయి. నడిపించే బాధ్యత రాయించుకోవడం లేదు. నెలకోసారి సర్వర్ లాగ్‌లు చదివేది ఎవరు, అప్‌డేట్ తర్వాత ప్రాసెస్‌ను నిజంగా ఆపి లేపారనడానికి రుజువేమిటి, అర్ధరాత్రి పిలిస్తే పలికే నంబరు ఎవరిది, రాసిన మనిషి దుబాయ్ వెళ్లిపోతే తాళాలు ఎవరి దగ్గరుంటాయి అన్నవి కాగితం మీద ఉండాలి. దీనికి ఏటా కొంత ఖర్చవుతుంది. ఆ ఖర్చు భరించలేని సంస్థ జనం ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, రక్తపరీక్షల వివరాలు సేకరించడం మానుకోవాలని మా అభిప్రాయం.

ఇప్పటికే నడుస్తున్నవాటికి కొత్త టెండరు దాకా ఆగనక్కర్లేదు. అప్లికేషన్ రాసినవాళ్లకు రేపు ఉదయం ఒక ఫోన్ చేసి, ఆ ప్రోగ్రాం సర్వర్ మీద ఏ యూజర్ పేరుతో నడుస్తోందో అడగాలి. సర్వర్ మొత్తం మీద సర్వాధికారాలుండే ‘రూట్’ పేరుతో అని జవాబొస్తే, ఆ సాయంత్రం లోపల మార్పించాలి. తెలియదని జవాబొస్తే, తెలిసినవాళ్లను అదే రోజు కూర్చోబెట్టి చూపించుకోవాలి.