మీటకు గమకం నేర్పవచ్చునా?

యాంగోన్ నగరంలో నదిని ఆనుకొని ఉన్న పేట బోటాటౌంగ్. అక్కడి ప్రసిద్ధ పగోడా 1943లో బాంబుదాడికి నేలమట్టమై, యుద్ధానంతరం మరల నిర్మితమైనది. ఆ నగరం రంగూన్‌గా పిలువబడిన కాలంలో దాని రేవులలో బరువులు మోసినవారిలో తెలుగువారు అధికసంఖ్యాకులు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరు మీదుగానే బర్మాలో వారికి ‘కోరంగీలు’ అన్న పేరు స్థిరపడింది. 1930 మే నెలలో రేవుల్లో చెలరేగిన అల్లర్లు, 1942లో జపాను దండయాత్ర ఎందరినో స్వదేశానికి తరిమివేశాయి. అక్కడే నిలిచిపోయిన కుటుంబాలలో తెలుగు మాట్లాడగలిగినా చదవలేనివారు ఉన్నారు. లిపి దూరమైనచోట భాషను నిలబెట్టగలిగినది పాట. కావున ఆ పాటను పిల్లలకు ఏ వాద్యంపై, ఏ విధంగా నేర్పుతారన్నది చిన్న ప్రశ్న కాదు.

బోటాటౌంగ్‌లోనైనా, న్యూజెర్సీలోనైనా నేడు పిల్లల చేతికి సులభంగా అందే వాద్యాలలో ఎలక్ట్రానిక్ స్టేజి పియానో ఒకటి. నదీతీరపు తేమకు అసలు పియానోలోని కొయ్య ఉబ్బుతుంది, శ్రుతి చెదరుతుంది. స్టేజి పియానోకు ఆ బాధ లేదు; మీటల బరువు అసలు పియానోను పోలి ఉండి వేళ్లకు మంచి సాధననిస్తుంది. అయితే తెలుగు పాటకు అది రెండు విధాల చాలదు. మీట నొక్కిన క్షణం నుంచే దాని నాదం క్షీణిస్తుంది. పైగా నొక్కిన స్థాయి నుంచి స్వరం కదలదు. గమకానికి నిలిచే నాదమూ కావాలి, కదిలే స్వరమూ కావాలి.

అటువంటప్పుడు మీటల వాద్యాన్నే త్యజించరాదా అని కొందరి వాదన. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియం విషయంలో అదే చేసింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. బర్మావారు మరొక మార్గాన్ని అనుసరించారు. పందొమ్మిదవ శతాబ్దంలో తమ దేశానికి చేరిన పియానోకు ‘సందయా’ అని పేరు పెట్టుకొని, తమ స్వరస్థానాలకు అనుగుణంగా దానికి శ్రుతి మార్చుకొన్నారు. పట్టలా అనే వెదురు వాద్యంపై వలెనే రెండు చేతులతో ఒకే రాగధారను అల్లే వాదనశైలిని దానికి నేర్పారు. వాద్యానికి లొంగిపోలేదు, వాద్యాన్ని వెలివేయలేదు. తెలుగు కుటుంబాలకు ఆదర్శం కావలసినది ఈ రెండవ మార్గమే. అందుకు నేడు చేతిలో ఉన్న సాధనం మిడి.

1983 జనవరిలో అమెరికాలో జరిగిన ఒక సంగీత పరికరాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600, రోలండ్ వారి జూపిటర్-6 అనే రెండు సింథసైజర్లను ఒక తీగతో కలిపి చూపారు. పోటీదారులైన సంస్థల వాద్యాలు ఒకే భాషలో సంభాషించడం అప్పటికి కొత్త విషయం. దీనికి మూలపురుషులైన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషిలకు 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం లభించింది.

ఆ తీగలో నాదం ప్రవహించదు. నీటికి రసాయన సూత్రం వ్రాసినంత మాత్రాన దాహం తీరనట్లే, మిడి సందేశం స్వరాన్ని పేర్కొంటుందే గాని వినిపించదు. ఏ మీట, ఎంత వేగంతో నొక్కబడింది, ఎప్పుడు విడువబడింది అన్న వార్త మాత్రమే అందులో ఉంటుంది. మీటకు 0 నుంచి 127 వరకు ఒక సంఖ్య, వేగానికి అటువంటిదే మరొక సంఖ్య. సెకనుకు 31,250 బిట్ల వేగంతో సాగే ఈ వార్త చేరడానికి సుమారు ఒక మిల్లీసెకను చాలును. నాదాన్ని సృష్టించేది అవతలి సింథసైజరే.

కలిపే విధానం సులభం. పియానో వెనుక ‘మిడి అవుట్’ అని ఉన్న అయిదు పిన్నుల రంధ్రం నుంచి సింథసైజర్ ‘మిడి ఇన్’కు తీగ వేయాలి. రెండింటిలోనూ ఒకే ఛానల్ సంఖ్యను ఎంచుకోవాలి. మొత్తం 16 ఛానళ్లు ఉంటాయి. సింథసైజర్ నుంచి స్పీకరుకు వేరొక ఆడియో తీగ తప్పనిసరి. యు.ఎస్.బి. మాత్రమే ఉన్న పియానో అయితే సాధారణంగా నడుమ ఒక కంప్యూటరో, హోస్టు పరికరమో అవసరమవుతుంది. కరెంటు కోతలున్న ఊళ్లలో అమరికలను వెంటనే భద్రపరచుకోవడం మేలు.

ఇక గమకం. వేణువు వంటి నిలిచే నాదాన్ని సింథసైజర్‌లో ఎంచుకొని, పియానో సొంత ధ్వనిని పూర్తిగా తగ్గించాలి. లేనిచో కదిలే స్వరం, కదలని స్వరం ఒకదానితో ఒకటి పోట్లాడుతాయి. కుడిచేయి పియానోపై, ఎడమచేయి సింథసైజర్ పిచ్ చక్రంపై ఉండాలి. సాధారణంగా ఆ చక్రం స్వరాన్ని పైకి రెండు, క్రిందికి రెండు అర్ధస్వరాలు జరుపుతుంది. తోడి రాగంలోని సాధారణ గాంధారం మీట నొక్కి చక్రం తిప్పితే, క్రింది హద్దు శుద్ధ రిషభం, పై హద్దు శుద్ధ మధ్యమం. తోడి గాంధారపు ఊగిసలాటకు కావలసిన చోటంతా అందులోనే ఉన్నది. మిడి భాష ఈ దూరాన్ని 16,384 స్థానాలుగా విభజించగలదు. కనుక ఇబ్బంది యంత్రంలో లేదు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పిచ్ చక్రం ఆ ఛానల్‌లో మోగుతున్న స్వరాలన్నింటినీ ఒక్కసారే కదిలిస్తుంది. షడ్జ పంచమాల శ్రుతిని కూడా అదే ఛానల్‌లో ఉంచితే ఆధారశ్రుతే ఊగిపోతుంది. దానిని వేరే ఛానల్‌కు గాని, వేరే శ్రుతిపెట్టెకు గాని అప్పగించాలి. 2020లో వెలువడిన మిడి 2.0 ప్రతి స్వరాన్నీ విడివిడిగా కదిలించే వీలు కల్పించింది గాని, పాత వాద్యాలకు పై ఉపాయమే శరణ్యం.

ఇక్కడ గుర్తించవలసినది ఒకటున్నది. మీట నొక్కిన వార్త తనంత తానే తీగలోకి పోతుంది. గమకపు వార్త మాత్రం ఎవరైనా పంపితేనే పోతుంది. ఎంత తిప్పాలో, ఎక్కడ ఆగాలో పరికరంతో వచ్చే పుస్తకం చెప్పదు. అది గొంతెత్తి పాడగలిగిన అమ్మమ్మో, గురువో చెప్పవలసినదే. అందుచేత తెలుగు సంఘాలు ఖరీదైన వాద్యం కొని వేదిక మూలన నిలిపినందువలన ప్రయోజనం స్వల్పం. సామాన్యమైన పియానో, పాత సింథసైజర్, ఒక తీగ చాలును. మిగిలిన ధనాన్ని పాడగలిగినవారిని పిల్లల ప్రక్కన కూర్చోబెట్టడానికి వెచ్చించాలి. సరళీవరుసలకు మాయామాళవగౌళతో మీటలపై ఆరంభించి, ప్రతి వరుసనూ ముందు పాడించి, పిదప వాయింపజేయాలి. చెవికి గమకం తెలిసిన బిడ్డ చక్రాన్ని సరిగా తిప్పడం నేర్చుకొంటుంది. చెవికి తెలియనిచో, లిపిని పోగొట్టుకొన్న ఇంట పాట కూడా పన్నెండు మీటలకు కుదించుకుపోతుంది.