ఖాళీకి కట్టవలసిన వెల

ధనవంతుల వినోదములలో ఈ కాలమున క్రొత్తగ తలయెత్తి, ఏటికేడు వేళ్ళూనుకొనుచున్న వేడుక యొకటి కలదు. సాధారణముగ రెండువందల మందిని మోయు విమానము నొకదానిని యాత్రాసంస్థవారు బాడుగకు మాటలాడుకొని, అందలి సీట్ల వరుసలను తీసివేయించి, యాబదిమందికి చాలినన్ని పెద్ద సీట్లు మాత్రము అమర్చి, ఆ యాబదిమందిని మూడు నాలుగు వారములపాటు భూగోళము చుట్టును త్రిప్పి తీసికొనివత్తురు. పెరూలోని మాచుపిచ్చు, పసిఫిక్ మహాసముద్రము నడుమనున్న ఈస్టర్ ద్వీపము, సమోవా, ఆస్ట్రేలియా తీరపు పగడపుదిబ్బలు, కంబోడియాలోని అంకోర్ వాట్, ఆగ్రాలోని తాజమహలు, టాంజానియాలోని సెరెంగెటి పచ్చికబయళ్ళు, జోర్డాను దేశపు పెట్రా, మొరాకోలోని మరకేష్: ఇట్టి యాత్రలలో తరచుగ కనబడు వరుస యిది. అమెరికాలోని సియాటిల్ నగరమున నెలకొన్న టీసీఎస్ వరల్డ్ ట్రావెల్ ఈ వ్యాపారమున పాతకాపు. నేషనల్ జియోగ్రాఫిక్ పేరిటను, ఫోర్ సీజన్స్ హోటళ్ళ పేరిటను, అబర్‌క్రోంబీ అండ్ కెంట్ పేరిటను గూడ ఇవి నడచుచున్నవి. వెల మనిషికి లక్ష డాలర్లకు పైమాటే. మన లెక్కలో చెప్పవలెనన్న, తలకు 85 లక్షల రూపాయలు చేతబట్టుకొనిగాని ఈ యాత్రను గూర్చి విచారింపనైన పనిలేదు.

ఇంత ధనము పోసి వీరు కొనుచున్న వస్తువేది? వేగమని తోచుట సహజము. ఏలయన భూప్రదక్షిణ చరిత్ర యంతయు వేగమును వెంబడించిన చరిత్రయే. 1519లో ఐదు నావలతో స్పెయిను విడిచిన మాగెల్లన్ నడిదారిలో ఫిలిప్పీనులలో హతుడుకాగా, 1522లో విక్టోరియా అను ఒక్క నావమీద ప్రదక్షిణము ముగించి స్వదేశము చేరినవారు 18 మంది. 1872లో ఆంగ్లేయ యాత్రావ్యాపారియైన థామస్ కుక్ ఒక చిన్న బృందమును వెంటబెట్టుకొని బయలుదేరి 222 దినములలో భూమిని చుట్టివచ్చెను. ఆ సంవత్సరముననే ఫ్రెంచి నవలాకారుడు జూల్ వెర్న్ తన కథానాయకునిచేత 80 దినములలో ఆ పని చేయించెను. 1889లో బయలుదేరిన నెల్లీ బ్లై అను అమెరికా పత్రికారచయిత్రి 72 దినములలో తిరిగివచ్చి కవికల్పనను గూడ ఓడించెను. 1947లో పాన్ అమెరికన్ సంస్థ, టికెట్టు కొన్నవారెవరైనను ఎక్కదగిన భూప్రదక్షిణ విమానమార్గమును తెరచెను. కడపట 1995 ఆగస్టులో ఎయిర్ ఫ్రాన్స్ వారి కాంకార్డ్ విమానము న్యూయార్కున లేచి, దారిలో ఆరుచోట్ల చమురు పోసికొని, 31 గంటల 27 నిమిషములకు మరల న్యూయార్కున వ్రాలెను. ఆ పందెము అంతటితో ముగిసినది. నేటి విలాసయాత్రికుల విమానమో, బోయింగ్ 757గాని ఎయిర్‌బస్ ఏ321గాని, నలుగురును ఎక్కు విమానముల వేగముననే పోవును. పోయి, ప్రతిచోటను రెండు మూడు దినములు ఆగును. కావున వీరు కొనునది వేగము గాదు.

పోనీ, ఆడంబరమా యన్న, అదియు పూర్వపుటర్థమున గాదు. వెనుకటి సంపన్నుడు ప్రయాణమైనచో వానితోపాటు ఒక ఊరే కదలెడిది. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునకు పోవలసిన జయపుర మహారాజు రెండవ మాధోసింగు, ఒలింపియా అను నౌకను నిండుగ బాడుగకు తీసికొని, నూరుమందికి పైబడిన పరివారముతోను, ఒక్కొక్కటి 345 కిలోల వెండితో చేయించిన మహాపాత్రల నిండ గంగాజలముతోను లండను చేరెను. ఆ పాత్రలను నేటికిని జయపుర నగర ప్రాసాదమున చూడవచ్చును. మనవారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారిని తలచుకొందము. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీయైన ఆయన 1830 మే నెలలో ఇంచుమించు నూరుమందితో కాశికి బయలుదేరి, పదునైదు మాసములకు ఇల్లు చేరెను. బోయీలు మోయగా పల్లకీలో కూర్చుండి పోయిన యాత్రయే గాని, కాలినడకన పోయిన పేదయాత్ర గాదు. అయినను ఆ నూరుమందికి పూటపూటకు బియ్యము, కట్టెలు, నీరు, బస కావలెను. అందుచేత ఏ మజిలీలో ఏ సరకు దొరకును, ఏ దారి యెట్టిది, ఏ యేరు దాటుట యెట్లు అను విచారము ఆ దొరగారికి తప్పినదికాదు. తప్పలేదు గనుకనే ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్ర నేటికిని చదువదగిన గ్రంథమైనది. ఆ కాలపు భోగమునకు జనసమృద్ధి లక్షణము. నేటి భోగమునకు జనరాహిత్యము లక్షణము. ఈ యాత్రికులు కొనునది ఖాళీ.

విమానములోనికి తొంగిచూచిన ఈ మాట బోధపడును. ఎయిర్‌బస్ ఏ321 నియో విమానమున ప్రయాణికులు కూర్చుండు గది పొడవు 34 మీటర్లకు పైచిలుకు. నడుమ ఒక దారి విడిచి, ఇటు ముగ్గురు, అటు ముగ్గురు చొప్పున వరుసకు ఆరుగురిని కూర్చుండబెట్టి, గరిష్ఠముగ 244 మందిని ఎక్కించుటకు దానికి అనుమతి కలదు. ఫోర్ సీజన్స్ వారు అదే గదిలో వరుసకు ఇద్దరిద్దరుగ 48 సీట్లు మాత్రము వేయించిరి. మోకాళ్ళు ముందు సీటు వీపునకు తగులుట, మోచేతికై ప్రక్కవానితో మౌనయుద్ధము చేయుట, కిటికీవైపు కూర్చున్న పాపమునకు లేచినప్పుడెల్ల ఇద్దరిని లేపుట, ఇవి యేవియు అచట లేవు. వంటవాడు కలడు, వైద్యుడు కలడు, దిగబోవు దేశమును గూర్చి ఉపన్యసించు పండితుడును కలడు. ఈ ఖాళీ విమానముతో ఆగదు. యాత్రికులకంటె ముందుగనే సంస్థ మనుష్యులు ఊరు చేరి, దేశప్రవేశపు కాగితములు, బస్సులు, గదుల తాళపుచెవులు సిద్ధముచేసి యుంతురు. రాత్రి గుమ్మము వెలుపల నుంచిన పెట్టె మరునాడు వేరొక దేశమున వేరొక గదిలో యజమానికై కాచుకొని యుండును. వరుసలో నిలువబడుట, పెట్టెకై కాచుకొనుట, కారువానితో బేరమాడుట అను మూడింటిని తీసివేసిన ప్రయాణమును ఊహించుకొనుడు. వీరు వెలబెట్టి కొన్నది దానినే.

అయినను ఈ ఖాళీని ధనము కొనలేని చోట్లు కొన్ని మిగిలియున్నవి. విచిత్రమేమనగా వీరు చూడబోవునవి ముఖ్యముగ ఆ చోట్లే. మాచుపిచ్చునకు పెరూ ప్రభుత్వము దినమునకు ఇంతమందియే యని కట్టడిచేసినది. 2024 నుండి ఆ సంఖ్య సామాన్యదినములలో 4,500, రద్దీదినములలో 5,600. ఎవరైనను తమ టికెట్టుపై వ్రాసిన గంటకే, వ్రాసిన దారినే నడువవలెను. తాజమహలున విదేశీయునకు 1,100 రూపాయల టికెట్టు, గోరీగదిలోనికి పోదలచినచో మరి 200. దానితో ఒక నీళ్ళసీసా, పాదరక్షలపై తొడుగుకొనుటకు గుడ్డతొడుగులు ఇత్తురు. మూడు గంటలలో వెలుపలికి రావలెను. ఈ బాడుగవిమానము దిగివచ్చిన వృద్ధదంపతులును, వీపున సంచి తగిలించుకొని రెండవతరగతి రైలు దిగివచ్చిన జర్మను విద్యార్థియు ఆ తొడుగులు తగిలించుకొని ఒకే తెల్లరాతిపై ఒకే రీతిని జాగ్రత్తగ అడుగులు వేయుదురు. లక్షలు పోసి తప్పించుకొన్న జనసమ్మర్దము, ఏ కట్టడమును చూచుటకై అన్ని లక్షలు పోసిరో ఆ కట్టడము ముంగిటనే వారిని తిరిగి తనలో కలుపుకొనును. ఇది నాకు సంతోషము కలిగించు విషయము. షాజహాను సొంతమునకు కట్టించుకొన్నది నేడు సర్వజనుల సొత్తైనదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఈ యాత్రలలో మెచ్చుకొనదగినది లేకపోలేదు. దానిని దాచిపెట్టి నిందించుట న్యాయము గాదు. ఈస్టర్ ద్వీపము చిలీ దేశపు గట్టునకు 3,500 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. 2017 జనగణన నాటికి అచటి జనము ఎనిమిదివేలకు లోపు. అంత చిన్న దీవిలో పెద్దవిమానము దిగగలుగుటకు కారణము, అమెరికా అంతరిక్షసంస్థ తన షటిల్ నౌకకు ఆపత్సమయమున దిగుచోటు కావలెనని 1987 నాటికి అచటి రన్‌వేను పొడిగించుటయే. షటిల్ ఎన్నడును అచట దిగలేదు. యాత్రికులు మాత్రము దిగుచున్నారు. ఆ దీవినుండి సమోవాకు, సమోవానుండి ఆస్ట్రేలియాకు, ఆ పిమ్మట అంకోరునకు మామూలు విమానములు పట్టుకొని పోదలచినచో, ఊరూర విమానము మారుచు, అపరరాత్రివేళ విమానాశ్రయముల బల్లలపై కునికిపాట్లు పడుచు ఎంతకాలము తిరుగవలెనో! జీవితమంతయు కష్టించి, పిల్లలను ఒకదరికి చేర్చి, మోకాళ్ళు సహకరింపని వయస్సున లోకమును చూడగోరినవారిని చూచి అసూయపడుటకు నాకు మనసొప్పదు. డబ్బున్నవాడు హాయిగ పోవుట పాపమనెడి ధర్మశాస్త్రము మనకెన్నడును లేదు. నా అభ్యంతరము హాయిని గూర్చినది గాదు. ఆ ఖాళీకి వెల పూర్తిగ చెల్లుచున్నదా లేదా యను లెక్కను గూర్చినది.

లెక్క చూతము. విమానము గాలిలో లేచుటకు కావలసిన చమురులో అధికభాగము విమానము బరువును, చమురు బరువును మోయుటకే సరిపోవును. సీట్లు తగ్గి, నూటయాబదిమంది దిగిపోయినందున కొంత ఆదా యగును; అది నిజమే. కాని ఖర్చు తగ్గినది కొంచెము, పంచుకొను తలలు తగ్గినవి నాలుగింట మూడువంతులు. ప్రతి కిలో విమానపు చమురు మండినప్పుడును 3.16 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. రెండువందల మంది పేర వ్రాయవలసిన ఆ బరువు 48 మంది పేర వ్రాయవలసి వచ్చును. ఇది ఒక్క విమానపు కథ గాదు. 2020లో గోస్‌లింగ్, హుంపే అను ఇద్దరు పరిశోధకులు ప్రకటించిన అధ్యయనము ప్రకారము, 2018వ సంవత్సరమున విమానమెక్కినవారు లోకజనాభాలో నూటికి 11 మంది. ప్రయాణిక విమానములు వెలువరించు వాయువులో సగమునకు పైగ, నూటికి ఒకరికి మించని జనుల ప్రయాణముల ఫలము. మిగిలిన తొంబదితొమ్మిదిమంది ఈ ఖాళీని కొనలేదు, అందు కూర్చుండలేదు. ఎండలు ముదిరినప్పుడు, సముద్రము పొంగినప్పుడు మాత్రము వంతు తప్పించుకొనలేరు. యాత్రాపట్టికలో ఒక మజిలీయైన సమోవా వంటి దీవులవారికి ఈ మాట ఎవరును విప్పిచెప్ప నక్కరలేదు.

ఇక పన్నుల సంగతి. 1944లో షికాగో నగరమున కుదిరిన అంతర్జాతీయ విమానయాన ఒడంబడికలోని 24వ నిబంధన ప్రకారము, విమానము తన కడుపున మోసికొనివచ్చిన చమురుపై దిగిన దేశమువారు సుంకము వేయరాదు. విమానయానము పసిబిడ్డగ నున్న నాటి ఆ వాత్సల్యము, దేశదేశముల నడుమ జరిగిన ఒప్పందముల మూలమున మరింత విస్తరించి, నేటికిని చెల్లుబడియగుచున్నది. చమురుపై వేయ వీలులేదు గనుక ప్రభుత్వములు మనుష్యులపై వేయుచున్నవి. మన విమానాశ్రయములలో వసూలుచేయు వినియోగ రుసుము సయితము తల యొక్కింటికి ఇంతయని లెక్కించునదే. బ్రిటనువారు సొంతవిమానముల భోగులకై 2013లో ఒక పైతరగతి పన్ను చేర్చిరిగాని, అది 20 టన్నులకు తక్కువగాని బరువుండి, 19 మందికంటె తక్కువమందికి అమర్చిన విమానములకని నిర్వచించిరి. 48 సీట్ల విమానము ఆ వలకన్నులోనుండి సులువుగ జారిపోవును. తలపన్నున్న ప్రతిచోటను ఫలిత మిదియే: విమానములో ఎంత ఖాళీ యుంచిన అంత తక్కువ పన్ను. బంతిలో ఐదు విస్తళ్ళ చోటు ఆక్రమించి కూర్చున్నవాడు ఒక విస్తరికే డబ్బు కట్టి లేచిపోయినట్లున్నది ఈ ఏర్పాటు.

దీనికి మందు కష్టమైనదేమియు గాదు. ప్రతి విమానమునకును గరిష్ఠముగ నెందరు ఎక్కవచ్చునో ధ్రువపత్రమున వ్రాసియే యుండును. తలపన్నును ఎక్కినవారి సంఖ్యనుబట్టి గాక ఆ సంఖ్యనుబట్టి విధించి, ఎక్కినవారికి పంచవలెను. 244 మందికి అనుమతి గల విమానమున 48 మంది పోయినచో ఒక్కొక్కరు ఐదుగురి పన్ను కట్టుదురు. అమ్ముడుపోక మిగిలిన సీట్ల విషయమున సామాన్య విమానసంస్థలకు అన్యాయము జరుగునని అందురేని, లెక్కింపవలసినది అమ్ముడుపోని సీటును గాదు, బుద్ధిపూర్వకముగ పెరికివేసిన సీటును. ఈ న్యాయము మామూలు విమానముల ముందుభాగమున కాళ్ళు చాచుకొని పోవువారికిని వారి వారి చోటునుబట్టి వర్తించును. రోగులను మోయు విమానములకు మినహాయింపు ఉండవలసినదే. పన్ను పెంచినచో వారు ఈ దేశము మాని వేరొక దేశమునకు పోవుదురని భయపెట్టువారు కలరు. తాజమహలును వేరొక దేశమున చూపగలవా రెవరు? మాచుపిచ్చు గాని పెట్రా గాని ప్రక్కదేశమునకు తరలిపోవునా? బేరమాడుటకు ఇంతకంటె బలమైన స్థానము లోకమున ఏ వర్తకునకును లేదు. దానిని వాడుకొనక మన ప్రభుత్వములే చిన్నబోయి కూర్చున్నవి.

ఈ పన్నువలన యాత్రలు ఆగిపోవునని నేను తలపను. లక్షడాలర్లు వెచ్చించువానికి మరి కొన్నివందల డాలర్లు లెక్కలోనికి రావు. రావు గనుకనే అడుగవలెను; వానికి లెక్కలేని సొమ్ము దిగిన ఊరివారికి ఒక మంచినీటి గొట్టమో, ఒక రోడ్డో, ఒక మరమ్మతో యగును. వీరాస్వామయ్యగారి కాలమున సంపన్నుని ప్రయాణము దారిపొడుగునను బోయీకి, అంగడివానికి, పడవవానికి కొంత కొంత పంచుచు పోయినది. ఎగిరిపోవు విమానమునకు దారి యనునదే లేదు గనుక ఆ పంపకము తనంత తాను జరుగదు. జరుగని దానిని చట్టము జరిపింపవలెను. సీట్లు పెరికించి ఖాళీ కొనుక్కొను స్వేచ్ఛ వారికి ఉండవలసినదే. ఆ ఖాళీకి బిల్లు వ్రాయుట మాత్రము ప్రభుత్వముల పని, అది ఇప్పటికే ఆలస్యమైనది.