పేరుకు రెండు లక్షలు.. నాదానికి ఎంత?

‘సార్, రెండు లక్షలు పెడితే సౌండు పదింతలు బాగుంటుందా?’

మొన్నొక ఆదివారం పొద్దున్నే మా వీధిలో ఉండే ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. ఆయన బళ్లారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో పనిచేస్తాడు. కొడుకు డిగ్రీ రెండో ఏడు చదువుతూ చర్చిలో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తుంటాడు. ఒకే స్టేజీ మీద రెండు పాటలు తెలుగు, రెండు కన్నడం, మధ్యలో ఓ హిందీ.. మన సరిహద్దు ఊళ్ల ఆర్కెస్ట్రాల సంగతి తెలిసిందే. కుర్రాడు ఆర్నెల్లుగా ఒకటే పట్టు పట్టాడు. అమెరికాలో తయారైన గిటార్ కావాలట. ధర రెండు లక్షల పైమాటే. అది లేకపోతే బెంగళూరు బ్యాండ్ల వాళ్లు మొహం కూడా చూడరని వాడి భయం. తండ్రేమో చీటీ పాడదామా అన్న ఆలోచనలో పడ్డాడు.

బీఏ చదివే రోజుల్లో నేనూ ఓ పాత గిటార్ పట్టుకుని వేళ్లకు కాయలు కాయించుకున్నవాణ్ణే. అందుకే ‘అన్నా, తొందరపడొద్దు. ముందు చెవితో విందాం’ అన్నాను. ఆ వారమే బెంగళూరులో పనుంటే తండ్రీకొడుకులను వెంటబెట్టుకుని వెళ్లాను.

గోడవైపు తిరిగి విన్నాం

గిటార్ల షాపులో రెండు గిటార్లు తీయించాం. రెండూ స్ట్రాటోకాస్టర్లే. అమెరికాలోని ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన మోడల్ అది. ఒకటి అమెరికాలో చేసింది. రెండోది అదే కంపెనీ స్క్వయర్ పేరుతో తక్కువ ధరకు అమ్మేది, ఇండోనేషియాలో చేసింది. దాని ధర ఇరవై వేలకు అటూ ఇటూ. ఆంప్లిఫయర్ ఒక్కటే. దాని బిరడాలు ఎక్కడున్నవి అక్కడే. వాయించేదీ ఒక్కడే, వాయించే ముక్కా ఒక్కటే. తండ్రిని, నన్ను గోడవైపు తిరిగి కూర్చోమన్నారు.

రాక్ పాటల్లో వినపడే ఆ గరగరలాడే డిస్టార్షన్ లేకుండా, మామూలు శబ్దంతో మొదలుపెట్టారు. ఆరుసార్లలో నేను నాలుగుసార్లు ఏది ఖరీదైనదో సరిగ్గా చెప్పాను. గొప్పేం కాదు, నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది. తండ్రి అయితే ‘ఇది మెత్తగా ఉంది, ఇదే పెద్దది’ అని చూపించింది ఇరవై వేలదాన్ని. డిస్టార్షన్ పెట్టాక ఇద్దరికీ ఏమీ తెలియలేదు. ఆ తర్వాత కుర్రాణ్ణి గోడవైపు కూర్చోబెట్టి షాపులో అబ్బాయి వాయించాడు. వాడిది పనిచేసే చెవి కదా, మామూలు శబ్దంలో చాలాసార్లు పట్టేశాడు. డిస్టార్షన్‌లో వాడూ తడబడ్డాడు.

చివరగా ఓ చిన్న తమాషా చేశాం. ఇరవై వేల గిటార్‌ను పెద్ద వాల్వ్ ఆంప్లిఫయర్‌కు, రెండు లక్షల గిటార్‌ను ఇంట్లో ప్రాక్టీసుకు వాడే చిన్న డబ్బాకు తగిలించాం. ఈసారి ఎవరికీ అనుమానం రాలేదు. ముగ్గురం ఒకే మాటగా చవకదే బాగుందన్నాం.

ముగ్గురు మనుషులు ఒక్క పూట విన్నంత మాత్రాన ఇది శాస్త్రమైపోదు. కానీ చీటీ పాడేముందు ఆ తండ్రికి ఈ పాటి పరీక్షన్నా అవసరమే కదా!

శబ్దం ఎక్కడి నుంచి వస్తుంది?

ఎలక్ట్రిక్ గిటార్ మన వీణలాంటిది కాదు. వీణకు కుండ మోగాలి. దీనికి తీగల కింద ఉండే పికప్ పనిచేయాలి. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. ఆంప్లిఫయర్‌కు చేరేది ఆ కరెంటే. అందుకే శబ్దంలో తేడాకు ముందుగా చూడాల్సింది పికప్, ఆంప్లిఫయర్, స్పీకర్. చెక్క సంగతి తర్వాత.

చెక్క అంటే గుర్తొచ్చింది. ఖరీదైన గిటార్ల మెడమీద వేళ్లు ఆడే పట్టీకి వాడే రోజ్‌వుడ్ మన పడమటి కనుమల్లో పెరిగేదే. కన్నడిగులు బీటె అంటారు. చాలా చవక గిటార్లకు ఇండియన్ లారెల్ అనే చెక్క వేస్తున్నారు. అది మన నల్లమద్ది! ఈ చెట్లు మనవైపు అడవుల్లోనే ఉన్నాయి. పేరు మాత్రం అమెరికాది.

చెక్కే సర్వస్వమైతే డానెలెక్ట్రో కంపెనీ గిటార్లను ఎవరూ ముట్టుకునేవారే కాదు. 1950లలో ఆ కంపెనీ చెక్కపొట్టును నొక్కి చేసిన అట్టలాంటి హార్డ్‌బోర్డుతో గిటార్లు చేసి చవగ్గా అమ్మింది. తర్వాత లెడ్ జెప్లిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్ అలాంటిదే పట్టుకుని పెద్ద స్టేజీల మీద వాయించాడు. క్వీన్ బ్యాండ్‌లోని బ్రయాన్ మే సంగతీ అంతే. కొనే స్థోమత లేక 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే గిటార్ తయారు చేయడం మొదలుపెట్టాడు. మెడకు వాడింది పాత పొయ్యిగూడు చెక్క. లోపల పాత మోటారు సైకిల్ స్ప్రింగులు. 2002లో రాణిగారి ఉత్సవాలకు బకింగ్‌హామ్ ప్యాలెస్ కప్పు మీద నిలబడి వాయించింది ఆ గిటార్‌నే.

అంత దూరం ఎందుకు? మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చేతిలో ఉన్నదీ ఎలక్ట్రిక్ వాయిద్యమే. కర్ణాటక సంగీతానికి అక్కరకు రాదనుకున్న మాండలిన్ మీద గమకాలు పలికించి, 2014లో కన్నుమూసేదాకా ప్రపంచమంతా వినిపించాడు. ఆ గమకం షాపులో దొరికేది కాదు.

మరి రెండు లక్షలూ దండగేనా?

కాదు. అలా అంటే అబద్ధమే అవుతుంది. ఎక్కువ డబ్బు పెడితే తీగలు బిగించే బిరడాలు గట్టిగా నిలబడతాయి, నాలుగు పాటలకోసారి శ్రుతి చూసుకోనక్కర్లేదు. వీణ మెట్లలాంటి ఫ్రెట్ల అంచులు నునుపుగా ఉంటాయి, చెయ్యి గీసుకోదు. లోపలి స్విచ్చులు, వైరింగు ఏళ్ల తరబడి మొరాయించవు. రేపు అమ్ముకున్నా మంచి ధర పలుకుతుంది. రోజూ స్టేజీ ఎక్కి దాని మీదే బతికేవాడికి ఇవన్నీ లెక్కలోవే. కాకపోతే ఇవి ఎక్కువగా చేతికి, మన్నికకు సంబంధించినవి. సౌండు పదింతలు కావడం మాత్రం ఉండదు.

ఇంకో భ్రమ కూడా ఉంది. వినాయక చవితి పందిళ్లలో గిటార్ నుంచి ‘గుంయ్’మనే మోత వస్తుంటుంది. చవక సరుకు కాబట్టే అనుకుంటారు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది. ఎర్తింగ్ సరిగ్గా లేని పందిట్లో ఆ మోతను ఒకే చుట్ట ఉన్న పికప్ పట్టేస్తుంది. రెండు లక్షలదైనా అంతే. ఆ బాధ తప్పించడానికే 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సేత్ లవర్ రెండు చుట్టల పికప్‌ను తయారు చేశాడు. ఆ రకం ఇప్పుడు చవక గిటార్లకూ వస్తోంది.

నేర్చుకునేవాడికే మంచి సెట్టింగ్

‘చెయ్యి తిరిగినవాడికి ఏ గిటార్ అయినా ఒకటే’ అని పెద్దలు తేలిగ్గా అనేస్తారు. నిజమే. కానీ చెయ్యి తిరగనివాడి సంగతేంటి? తీగలు మరీ ఎత్తులో ఉంటే పిల్లాడి వేళ్లు నొప్పి పుడతాయి. కింది మెట్ల మీద సరిగ్గా పలికిన స్వరం పై మెట్లకు పోయేసరికి అపస్వరం అవుతుంది. తనకు చెవి లేదని వాడే అనుకుని గిటార్‌ను అటక మీద పడేస్తాడు. తప్పు వాడిది కాదు. నాకూ చదువుకునే రోజుల్లో జరిగింది ఇదే. అందుకే చవక గిటార్ కొన్నవాళ్లు తప్పకుండా చేయించాల్సింది సెట్టింగ్. తీగల ఎత్తు, మెడ వంపు, శ్రుతి.. ఈ మూడూ తెలిసిన మెకానిక్ చేత సరిచేయించుకోవాలి. ఆ ఖర్చు వందల్లోనో, ఒకటి రెండు వేలల్లోనో తేలిపోతుంది. గిటార్ మాత్రం కొత్త జన్మ ఎత్తుతుంది.

కాబట్టి నా మాట ఇది. గిటార్ తల మీది పేరు కోసం అప్పు చేయొద్దు. చేతిలో ఉన్న డబ్బులో కొంత గిటార్‌కు, కొంత మంచి ఆంప్లిఫయర్‌కు, కొంత సెట్టింగ్‌కు, మిగిలింది గురువు ఫీజుకు పెట్టండి. కొనేముందు పిల్లాణ్ణి ఒక్కసారి గోడవైపు తిప్పి వినమనండి. కళ్లు చెప్పేది వేరు, చెవులు చెప్పేది వేరు.

మా వీధి కుర్రాడు ఇరవై వేల గిటార్, ఓ మోస్తరు ఆంప్లిఫయర్‌తో ఇంటికొచ్చాడు. తిరుగు ప్రయాణంలో హిరియూరు దాటేదాకా మొహం మాడ్చుకునే కూర్చున్నాడు. చళ్లకెరెలో టీ తాగేటప్పుడు మెల్లగా అన్నాడు.. ‘అన్నా, ఆర్కెస్ట్రా డబ్బులు దాచుకుని అది నేనే కొనుక్కుంటా’ అని. కొనుక్కోనీ. అప్పటికి ఆ రెండు లక్షల తేడా పట్టే చెవి కూడా వాడికి వచ్చే ఉంటుంది. చీటీ డబ్బు మాత్రం ప్రస్తుతానికి చీటీలోనే ఉంది.