పోల్చి చూచుకొను హక్కు

విమానమెక్కఁదలఁచినవాఁడు టిక్కెట్టు కొనుటకు ముందు ధరను, సామానుపరిమితిని, కాలనియమమును సంస్థసంస్థకు సరిపోల్చుకొనుచున్నాఁడు. ఇది లోభము గాదు, కొనువాని హక్కు.

1953లో విమానసర్వీసులు జాతీయమైన పిమ్మట స్వదేశమున నీ హక్కు నామమాత్రమయ్యెను. ఇండియన్ ఎయిర్‌లైన్సు తప్ప వేఱు గతి దాదాపు లేకుండెను. 1994లో ఆ చట్టము రద్దై పోటీకి ద్వారము తెఱువఁబడెను. 2006లో ఇండిగో బయలుదేఱెను. ఎయిరిండియా యను పేరిపై నెంత యభిమానమున్నను జనులు చౌకను, వేళను వెదకికొనిరి. 2022 జనవరిలో ప్రభుత్వము దానిని టాటాల కప్పగించెను. అభిమానమొక్కటియే సంస్థను నిలుపఁజాలదు.

అయినను నేఁడు మఱియొక భయము పొడసూపుచున్నది. జెట్ ఎయిర్‌వేస్ 2019లోను, గో ఫస్ట్ 2023లోను ఆఁగిపోయినవి. విస్తారా 2024లో ఎయిరిండియాలో లీనమయ్యెను. దేశీయప్రయాణికులలో అత్యధికులిపుడు రెండు కూటముల చేతిలో నున్నారు. త్రాసున రెండవ తట్టయే లేనిచో తూఁచుటెట్లు? సర్కారు గుత్త పోయి ప్రైవేటు గుత్త వచ్చిన సంక్రాంతికి హైదరాబాదునుండి విశాఖ కేఁగు సంసారికి ఒరిగినదేమి?

కొత్తసంస్థలకు పెద్ద విమానాశ్రయములందు అనుకూలమైన వేళలు న్యాయముగా నొసఁగవలెను. సామానుకు, సీటుకు, రద్దునకు గుంజు రుసుములన్నియు ధరతోపాటు ముందే తెలుపవలెను. ప్రభుత్వమీ రెంటిని వెంటనే శాసింపవలెనని మేము కోరుచున్నాము.